దొరసాని ముందు బూట్లు

రోము నగరంలో రైలు దిగిన ముగ్గురు తెలుగువాళ్లను చలిలో నిలబెట్టి కిందటి వారం ఆగిపోయాం. వాళ్లెవరో, అంత దూరం ఎందుకు వచ్చారో ఒక్కసారి తలుచుకొని ముందుకు పోదాం.

సూర్యాపేట మిషన్ పెద్ద ఫాదరు ఇటలీ దేశస్థుడు. ముప్పై ఏళ్లు మన ఎండల్లో పనిచేసి కడుపు చెడిపోయి, ఈ నలభైతొమ్మిదో సంవత్సరం చివర సొంత దేశానికి వైద్యానికి బయల్దేరాడు. ఆయన కడుపులో ఇమిడే గంజి కాచగలిగింది మిషన్ వంటమనిషి సారమ్మ ఒక్కతే. అందుకని ఆమె కూడా ఓడెక్కింది. తోడుగా మనవరాలు పుష్పలత వచ్చింది. ఆ పిల్ల మిర్యాలగూడ మిషన్ బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది. సామాన్లు చూసుకోవడానికి కోదాడ బడి పంతులు దేవసహాయం వచ్చాడు.

సారమ్మ ఓడెక్కింది గంజి కోసం మాత్రమే కాదు. ఆమె కొడుకు, పుష్పలత తండ్రి అబ్రహాం, సంగంలో చేరి అడవి పట్టాడు. పోలీసు చర్య అయిపోయాక సంగం వాళ్లను వేటాడుతున్న రోజుల్లో, పాలకీడు దగ్గర కృష్ణ ఒడ్డున అతన్ని కాల్చేశారని కబురొచ్చింది. శవాన్ని ఎవరూ చూడలేదు. ఊరంతా ఏడ్చింది. సారమ్మ ఏడవలేదు, చనిపోయినవాళ్ల కోసం పెట్టించే పూజ కూడా పెట్టించలేదు. "రోములో రాయప్ప గారి కాడికే పోయి అడుగుత. ఉన్నడంటే ఉన్నడు, లేడంటే లేడు" అన్నది. మనం పేతురు అని చదువుకునే పునీతుడిని వీళ్లు రాయప్ప అంటారు.

ఇక ఒక్క ముచ్చట మిగిలింది. అదే ఓడలో, పై అంతస్తులో, వాళ్ల ఊరి దొరసాని కృష్ణమ్మ కూడా ప్రయాణం చేసింది. లండన్‌లో డాక్టరీ ప్యాసైన కొడుకు భాస్కర్ ఓడరేవుకు ఎదురొచ్చి తల్లిని దింపుకొని పోవడం పుష్పలత కళ్లారా చూసింది. చూసి, నాయనమ్మకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఈ వారం తెలుస్తుంది.

* * *

తెల్లవారింది. కన్యాస్త్రీల దవాఖానాలో మెత్తని పరుపు మీద పడుకొని ఉన్న ఫాదరు, గంజి గిన్నె ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు.

"పోండ్రి, పట్నం సూసి రాండ్రి" అన్నాడు.

"నిన్ను ఇడిసిపెట్టి ఎట్ల పోతం ఫాదరూ?" అన్నది సారమ్మ.

"నేనేం సావను. సచ్చేదుంటే రేపు సస్త. ఇయ్యాల మాత్రం మీరు ఈడ ఉంటే ఊకోను. జల్ది నడువుండ్రి."

ముప్పై ఏళ్ల సూర్యాపేట ఆయన నాలుక మీద అట్లాగే కూర్చుంది. పక్కన నిలబడ్డ కన్యాస్త్రీలు, తమ దేశపు ముసలి ఫాదరు ఏ భాషలో ఎవరిని కసురుతున్నాడో అర్థంకాక నవ్వుకున్నారు.

ఆ కన్యాస్త్రీలే సారమ్మకు నల్లటి తోలు బూట్లు ఇచ్చారు. దారాలు అల్లి ముడివేసే బూట్లు. పాదం కంటే కాస్త పెద్దవి కావడంతో ముందువైపు పాత గుడ్డలు కుక్కారు. పుట్టి బుద్ధెరిగాక సారమ్మ కాలికి ఏదైనా తొడగడం అదే మొదలు. కొత్తగా నాగలికి కట్టిన దూడలాగా ఒక్కో కాలు ఎత్తి ఎత్తి వేస్తూ వీధిలోకి వచ్చింది.

"పుష్పా, నా కాళ్లు నాకే కనిపిస్తలేవు" అన్నది.

"కనిపించకపోతే ఏమైతది, నడువు" అన్నది పుష్పలత. నాయనమ్మ కాళ్లకు బూట్లు చూస్తుంటే ఆమెకు కడుపు నిండినట్టుంది.

ఆ రోజు దారి చూపే పెద్దరికం దేవసహాయానిది. ఆయన కూడా రోము చూడటం ఇదే మొదలు. కాని ఫాదరు చెప్పగా విని, కోదాడ బడిలో ఏళ్ల తరబడి నల్లబల్ల మీద ఈ నగరం పటం గీసి, నది ఇటు, కొండలు అటు అని పిల్లలకు వల్లె వేయించినవాడు. ట్రాము దిగగానే చెయ్యెత్తి చూపించాడు.

"అదిగోనండీ, కొలోసియం! ఇప్పుడు దీనికి ఎడం పక్కన రాజుల కొండ ఉండాలి. ఆ... అదేమిటి, కుడి పక్కనుందే!"

"నువ్వు గీసింది కోదాడల, వీళ్లు కట్టింది ఈడ" అన్నది సారమ్మ. "నీ బొమ్మ వీళ్లకు అందలేదేమో పంతులూ."

దేవసహాయం గంభీరంగా ఉందామనుకున్నాడు గాని నవ్వాపుకోలేకపోయాడు. "పిల్లలకు ఇప్పుడు ఏం చెప్పాలండీ నేను? ఎన్ని బ్యాచీలు వెళ్లిపోయాయో!"

కొలోసియం లోపల సగం కూలిన మెట్ల వరసలు చుట్టూ ఆకాశం దాకా లేచి ఉన్నాయి. రాళ్ల సందుల్లోంచి పిల్లులు తొంగి చూస్తున్నాయి. అంత పెద్ద కట్టడాన్ని పుష్పలత పుస్తకంలో కూడా చూడలేదు. తల పైకెత్తి చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి ఒక రాతి మీద కూలబడింది.

"ఇంత గోడ కట్టినోళ్లు పైన కప్పెయ్యకపోతిరి?" అన్నది సారమ్మ.

"ఇది ఇల్లు కాదు పెద్దమ్మా. మనుషుల మీదకు సింహాలను వదిలేవాళ్లు. ఆ తమాషా చూడ్డానికి జనం వేలకొద్దీ వచ్చేవాళ్లు."

"ముంగట ఎవరు కూసునేటోళ్లు?"

"పెద్ద పెద్ద దొరలండీ, పాలరాతి అరుగుల మీద. బీదాబిక్కీ అదిగో, ఆ పైన."

"అయితే మన దిక్కు లెక్కనే" అన్నది సారమ్మ తృప్తిగా. ఆ క్షణం నుంచి ఆమెకు రోము నగరం పరాయిదిగా అనిపించలేదు.

అక్కడి నుంచి పాత రాజుల బజారుకు వచ్చారు. పైకప్పులు పోయి ఒంటిగా నిలబడ్డ స్తంభాలు, గడ్డిలో దొర్లిన రాళ్లు. సారమ్మ ఒక స్తంభం దగ్గర ఆగి, చుట్టూ చూసి, వేళ్లు ముడిచి టకటక కొట్టింది. చెవి ఆనించింది.

"ఏం చేస్తున్నవ్ నాయినమ్మా?"

"పిల్లలమర్రి గుళ్లె కంబాన్ని కొడితే మోగుతదంటరు గదా. నేను ఇనలే. మనల లోపలికి రానియ్యరాయె. మీ తాత గోడ అవుతల నిలబడి ఇన్ననని చెప్పేటోడు. అబద్ధమో నిజమో. ఇది మోగుతదేమో అని."

అంతలో కాపలావాడు ఒకడు దబదబ నడుచుకుంటూ వచ్చాడు. సారమ్మ చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకొని రెండడుగులు పక్కకు జరిగింది. వాడు ఆమె ముఖం చూశాడు, స్తంభం చూశాడు, తన వేళ్లు ముడిచి అదే చోట టకటక కొట్టి చెవి పెట్టాడు. పెదవి విరిచి తల అడ్డంగా ఊపాడు.

"మోగలేదంటుండు" అని సారమ్మ నవ్వింది. "మనదే నయం."

దారిలో దేవసహాయం కాల్చిన గింజలేవో పొట్లం కట్టించి తెచ్చాడు. ఒలిచి నోట్లో వేసుకుంటే గెనుసుగడ్డ రుచి తగిలింది. వేడివేడిగా తింటూ నది వంతెన దాటారు. సారమ్మ వంతెన గోడ మీద వంగి నీళ్లు చూసి, "మన మూసీ అంతనే ఉన్నది. దీనికేనా పంతులూ నువ్వు పిల్లలను కొట్టి కొట్టి పేరు నేర్పింది?" అన్నది. పొద్దున్నుంచీ వాళ్లు ముగ్గురూ నవ్వినంత, గడిచిన రెండేళ్లలో కలిపి నవ్వి ఉండరు.

* * *

రాయప్ప గారి గుడి ముందున్న మైదానం చూడగానే సారమ్మ ఉన్నచోటనే ఆగింది. రెండు చేతులు చాచి జనాన్ని దగ్గరకు తీసుకుంటున్నట్టు అటూ ఇటూ స్తంభాల వరసలు. నడుమ రెండు ఫౌంటెన్లు. పాతికేళ్లకోసారి తెరిచే పుణ్య ద్వారాన్ని ఆ ఏడు క్రిస్మసు ముందు రోజే తెరిచారు. దేశదేశాల నుంచి వచ్చిన యాత్రికులు పాటలు పాడుకుంటూ ఆ ద్వారంలోకి పోతున్నారు.

మెట్ల దగ్గర సారమ్మ కూలబడి బూట్లు విప్పమన్నది. పుష్పలత ముడి విప్పింది. దేవుడి ముందు విప్పడానికి ఆ పిల్లకు అభ్యంతరం లేదు. మన దగ్గర ఏ గుడిలోకైనా కాళ్లు కడుక్కొనే పోతాం. చుట్టూ అందరూ బూట్లతోనే లోపలికి పోతుంటే, ఇద్దరు ముసలివాళ్లు సారమ్మ ఒట్టి కాళ్లు చూసి దండం పెట్టుకున్నారు.

లోపల రాయప్ప గారి కంచు విగ్రహం ఉంది. జనం వరసగా వచ్చి ఆయన కుడి పాదాన్ని ముట్టుకొని పోతున్నారు. వందల ఏళ్ల చేతులు తగిలి తగిలి ఆ పాదం వేళ్లు కలిసిపోయి నున్నగా మెరుస్తోంది.

"గింతమంది ముట్టుకున్నా ఎవ్వరూ కసరలేదా?" అని సారమ్మ మెల్లగా అడిగింది.

"కసరరు నాయినమ్మా. ముట్టుకో."

సారమ్మ రెండు చేతులా ఆ పాదం పట్టుకుంది. పట్టుకొని వదల్లేదు.

"రాయప్ప తండ్రీ! మూడుసార్లు అబద్ధమాడి, కోడి కూసినంకనే నీకు బుద్ధొచ్చిందని పంతులు చెప్పిండు. మా అబ్రహాము అసలు అబద్ధం ఆడనోడు. నీకన్న ఒక్క మెట్టు పైనే. కోపం చెయ్యకు. వాడు ఉన్నడో లేడో ఒక్క ముక్క చెప్పు. లేడంటే లేడనే చెప్పు, నేను తట్టుకుంట. ఊకె ఇట్ల నడుమల నిలబెట్టకు."

వెనక వరసలో ఉన్నవాళ్లకు తెలుగు రాదు. అయినా ఎవరూ తొందర పెట్టలేదు. పుష్పలత మాత్రం తల వంచుకొని నిలబడింది. నాయన పోయాడనే ఆమె మనసులో ఎప్పుడో ఒప్పుకుంది. ఆ మాట నాయనమ్మతో చెప్పే ధైర్యం లేకనే ఇంత దూరం వెంట వచ్చింది.

* * *

బయటికి వచ్చాక పుష్పలత నాయనమ్మను ఫౌంటెన్ దగ్గర రాతి గట్టు మీద కూర్చోబెట్టి బూట్లు తొడిగి, దారాలు బిగించి ముడి వేసింది. దేవసహాయం మళ్లీ గింజల పొట్లం తెస్తానని పోయాడు. పుష్పలత లేచి నిలబడి చేతులు దులుపుకుంటూ ఎదురుగా చూసింది.

పది అడుగుల దూరంలో, స్తంభం నీడలో, శాలువా కప్పుకొని కృష్ణమ్మ దొరసాని ఒక్కతే కూర్చొని ఉంది.

ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. పుష్పలత తాత లచ్చయ్య ఊరందరికీ చెప్పులు కుట్టేవాడు. దొర తొడుక్కొనే కిర్రుచెప్పులు కూడా ఆయన చేతివే. అయినా గడీ ముందుకు రాగానే తన కాళ్లవి విప్పి చంకలో పెట్టుకొని నడిచేవాడు. ఆయన వాడలో పుట్టిన ఎవరైనా అట్లాగే నడవాలి. అబ్రహాం ఒకరోజు విప్పలేదు. గడీ మనుషులు పట్టుకొని కొట్టి, ఆ చెప్పులనే దండగట్టి మెడలో వేసి ఊరు తిప్పారు. ఆ రోజు అబ్రహాం ఇంటికి రాలేదు, సంగంలోకి పోయాడు. అప్పటి నుంచి ఆ గడీ మనిషి నీడ కూడా నాయనమ్మ మీద పడొద్దని పుష్పలత పట్టుదల. ఓడరేవులో నోరు మూసుకున్నది అందుకే.

కాని సారమ్మ చూడనే చూసింది. చూసిన మరుక్షణం వంగి బూటు దారం పట్టి లాగింది.

"నాయినమ్మా, ఏం చేస్తున్నవ్?"

"దొరసాని... బిడ్డా, దొరసాని!"

"అయితే ఏంది? ఇది గడీ కాదు. ఇప్పకు."

"గడీ కాదు గని, దొరసాని దొరసానే గద."

పుష్పలత ఆమె చేతులు పట్టుకుంది. సారమ్మ విదిలించుకొని ఒక బూటు లాగేసింది. రెండోదానికి దారం పీటముడి పడింది. ఎంత లాగితే అంత బిగిసింది. ఒక కాలికి బూటు, ఒక బూటు చంకలో. అట్లాగే కుంటుతూ లేచి నిలబడి రెండు చేతులు జోడించింది.

"నాయిన ఈ చెప్పుల కోసమేనే ఇల్లు ఇడిసిపోయింది!" అన్నది పుష్పలత. "నువ్వేమో రాయప్ప గారి ముంగటికి వచ్చి..."

కృష్ణమ్మ దొరసాని లేచి దగ్గరకు వచ్చింది. ఓడ ప్రయాణానికి ముఖం వాడిపోయింది. పరాయి దేశంలో తెలుగు మాట చెవిన పడ్డందుకో ఏమో, కళ్లు మాత్రం పెద్దవయ్యాయి.

"సారమ్మవేనా?"

"నీ బాంచెన్ దొరసాని, నేనే. ఇదొక్కటి వస్తలేదు. జర కోపం జెయ్యకు."

పుష్పలత ఇద్దరి నడుమకు వచ్చి నిలబడింది.

"మా నాయినమ్మ బూట్లు ఇప్పదు దొరసానీ. మీకు సూడబుద్ధి కాకుంటే మీరే అటు తిరుగుండ్రి."

"పుష్పా! నోరు ముయ్యి!" అన్నది సారమ్మ హడలిపోయి.

దొరసాని ఆ పిల్లను కిందికీ మీదికీ చూసింది. ఆశ్చర్యమేమంటే, కోపం రావాల్సిన చోట ఆమె ముఖంలో నవ్వులాంటిది వచ్చింది.

"నువ్వు అబ్రహాం బిడ్డవు గదా. అదే ముక్కు. అదే కోపం." సారమ్మ వైపు తిరిగింది. "తొడుక్కోవే. చలిగున్నది."

"వద్దు దొరసాని."

"తొడుక్కోమంటున్న గదా."

"మీ ముంగట ఎట్ల తొడుక్కుంట? కండ్లు పోతయ్."

"నేనే చెప్తున్న గదనే!"

"మీరు పెద్దమనసుతోటి చెప్తరు. నాకు ఉండొద్దా దొరసాని? పుట్టి బుద్ధెరిగిన కాడ్నుంచి లేనిది, గీ ముసలితనంల..."

"అబ్బ! ఏం మొండిదానివే నువ్వు!" దొరసానికి విసుగు ముంచుకొచ్చింది. "నీ కొడుకు కోదాడల మా ఇంట్ల, నా ముంగట, దొర కిర్రుచెప్పులేసుకొని టకటక తిరుగుతుండు. నీకేమొచ్చిందే మాయరోగం?"

అన్నాక, తానేమన్నదో ఆమెకే తెలిసింది. శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సారమ్మ చంకలోని బూటు జారి కింద పడింది.

"ఎవరి కొడుకు?" అన్నది.

దొరసాని చుట్టూ చూసింది. తెలుగు తెలిసిన ముఖం ఒక్కటి లేదు. సారమ్మ భుజం పట్టుకొని గట్టు మీద కూర్చోబెట్టి, తాను కూడా పక్కనే, అదే రాతి మీద కూర్చుంది.

"నీ కొడుకే. అబ్రహామే. ఉన్నడు."

పుష్పలత వాళ్ల ముందు నేల మీదే కూలబడింది.

"వానకాలంల వచ్చిండు" అన్నది దొరసాని గొంతు తగ్గించి. "నేను కోదాడ ఇంట్ల ఒక్కదాన్నే ఉన్న. పెరటి తలుపు కొట్టిన సప్పుడైతే మా పనిమనిషి సైదమ్మ తీసింది. పిక్కల తూటా దిగి ఉన్నది. ఒళ్లు కాలిపోతున్నది. నన్ను సూసి పారిపోదమనుకున్నడు గాని కాలు కదలలే. నీళ్లు అడిగిండు."

"మీరు... ఇచ్చిండ్రా?" అన్నది పుష్పలత.

"మా భాస్కర్ పుట్టేటప్పుడు అడ్డం తిరిగిండు పిల్లా. పట్నం డాక్టరు వచ్చేదాకా నేను బతకననుకున్నరు. మీ నాయినమ్మ చేతులే నన్ను, వాణ్ణి బతికిచ్చినయ్. పురుడు ఎల్లేదాకా నా పక్కలనే పండుకున్నది. పురుడు ఎల్లంగనే అరుగు కింద కూసోపెట్టిన. అదే ఆచారమన్నరు, నేనూ అదే అనుకున్న. వాడు నీళ్లడిగినప్పుడు ఆ చేతులే యాదికొచ్చినయ్." దొరసాని శాలువా దగ్గరకు లాక్కుంది. "పెరట్ల వడ్లు పోసే అర్ర ఉన్నది. అండ్ల ఉంచిన. సైదమ్మకు, నాకు తప్ప ఎవరికీ ఎర్కలేదు. దొరకు కూడ ఎర్కలేదు. కాలు పుండు మానేదాకా ఒట్టి కాలుతోటి నడవొద్దని దొర పాత చెప్పులిచ్చిన. పుండు మానింది. చెప్పులు మాత్రం ఇప్పడు. నేను పోయినా ఇప్పడు. మొదట్ల నాకు మస్తు కోపమొచ్చింది. తర్వాత తర్వాత నవ్వొచ్చింది."

సారమ్మ ఇంకా నమ్మలేదు. కళ్లార్పకుండా దొరసాని ముఖంలోకి చూస్తోంది.

"అన్నం తింటుండా?"

"ఎందుకు తినడు? కూరల ఉప్పు తక్కువైందని సైదమ్మను రోజూ కసురుతుండు."

"అయితే వాడే!" అన్నది సారమ్మ. "వాడేనే పుష్పా! చిన్నప్పటి నుంచి వానికి ఉప్పు సాలదు!"

పుష్పలత నాయనమ్మ ఒడిలో తల పెట్టి ఏడ్చేసింది. పోయాడని తన మనసులో తానే పాతిపెట్టిన మనిషి, ఉప్పు తక్కువైందని అరుస్తూ లేచి వచ్చాడు.

"ఒక్క మాట చెప్పకపోతిరి దొరసాని" అన్నది సారమ్మ. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. "ఇన్ని నెలలు."

"చెప్తే నువ్వు నవ్వుతవే. నీ మొకంల నవ్వు సూస్తే పోలీసోళ్లకు తెల్సిపోతది. రోజూ మీ వాడ చుట్టే తిరుగుతున్నరు. నీ నవ్వే వాణ్ణి పట్టిస్తదని భయపడ్డ." దొరసాని ఆమె చెయ్యి మీద చెయ్యి వేసింది. "ఈడ నవ్వుకోవే. నీ ఇష్టమొచ్చినంత నవ్వుకో. ఈ పట్నంల నువ్వెవరో ఎవనికి ఎర్క?"

సారమ్మ మొదట చిన్నగా నవ్వింది. ఆ తర్వాత పొట్ట పట్టుకొని నవ్వింది. తల వెనక్కి వేసి, ఆ స్తంభాల వరసలు మారుమోగేటట్టు, ఏళ్ల తరబడి లోపల దాచుకున్నదంతా నవ్వింది. పావురాలు గుంపుగా లేచాయి. దారిన పోయే ముసలి దంపతులు ఆగి, కారణం తెలియకపోయినా తామూ నవ్వారు. దొరసాని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

నవ్వి నవ్వి అలిసిపోయాక సారమ్మ వంగి కింద పడ్డ బూటు తీసుకుంది. దొరసాని పక్కనే కూర్చొని కాలు చాపి తొడుక్కుంది. పుష్పలత ముడి వేసింది. ఈసారి సారమ్మకు తొడుక్కోమని ఎవరూ చెప్పలేదు.

* * *

పొట్లం పట్టుకొని దేవసహాయం వచ్చేసరికి ముగ్గురూ ఒకే గట్టు మీద ఉన్నారు. ఆయన కంగారుగా దొరసానికి దండం పెట్టాడు.

"నమస్కారమండీ. తమరూ రోము వచ్చారా! కోదాడలో తమ ఇంటి వీధిలోనేనండీ మేముండేది. ఇక తమరి ఇంట్లోకి కొత్త కాపురం వస్తోందిగా, వీధి కళకళలాడిపోద్ది."

"ఏ కాపురం?" అన్నది దొరసాని.

"తెలీదాండీ? పోలీసు ఇన్‌స్పెక్టరు గారు పిల్లాపాపలతో దిగుతున్నారు. కొత్త సంవత్సరం రోజున పాలు పొంగించుకుంటారంట. దొరగారే కబురు పంపారు, ఇల్లు ఊరికే పడుంది, ఇచ్చేయమని. తమరు బయల్దేరాక, నేను ఓడెక్కడానికి వచ్చే ముందు, నేనే దగ్గరుండి గదులన్నీ చూపించాను. పెరట్లో వడ్ల గది ఒక్కటి తెరుచుకోలేదండీ. తాళంచెవి లేదని సైదమ్మ గోల. పోనీలే, దిగే రోజున బద్దలు కొట్టుకుంటామన్నారు ఇన్‌స్పెక్టరు గారు." దేవసహాయం ముగ్గురి ముఖాలూ చూసి ఆగిపోయాడు. "నేనేమన్నా తప్పు మాట్లాడానా?"

పుష్పలత అందరికంటే ముందు తేరుకుంది.

"తంతి కొడదాం. ఈ పూటనే."

"ఎవరికి కొడతవు?" అన్నది దొరసాని. "సైదమ్మకు సదువు రాదు. తంతిల ఏం రాసినా ముందుగాల తపాలాఫీసోడే సదువుతడు."

"మరి దొరగారికి..." అని దేవసహాయం మొదలుపెట్టి, ఏదో పెద్ద విషయంలో తలదూర్చానని గ్రహించి పొట్లం సర్దుకోసాగాడు.

దొరసాని ఆలోచిస్తోంది. దొర తన మాట వినడు. పోలీసు అధికారికి ఇచ్చిన మాట భార్య కోసం వెనక్కి తీసుకోడు. లోకంలో ఆయన మారుమాట చెప్పకుండా వినేది ఒక్కడి మాటే. డాక్టరై వస్తున్న కొడుకు, కోదాడ ఇంట్లో దవాఖాన పెట్టుకుంటాను, ఎవరికీ ఇవ్వొద్దని ఒక్క తంతి కొడితే చాలు. కాని ఆ కొడుకు, తండ్రికి తెలియకుండా కప్పు చాయ కూడా తాగని పిల్లవాడు. వారం వారం అన్నీ పూసగుచ్చినట్టు రాసేవాడు. సంగం వాళ్లంటే తండ్రి కంటే ఎక్కువ మండిపడేవాడు.

సరిగ్గా అప్పుడే మైదానం అవతలి నుంచి భాస్కర్ పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వచ్చాడు. మెడలో కెమెరా ఊగుతోంది.

"ఫిల్ము దొరికిందమ్మా! ఎవరు వీళ్లు? మన దిక్కు మనుషులేనా? భలే, భలే! అందరూ అట్లనే కూసోండ్రి, ఒక ఫోటో తీస్త."

సారమ్మ ఆ పొడుగాటి యువకుణ్ణి తేరిపార చూసింది. అడ్డం తిరిగి పుట్టిన పిల్లవాడు. ఆమె కళ్లలో మళ్లీ నవ్వు మెరిసింది.

"నవ్వాలె, అందరూ!" అన్నాడు భాస్కర్ కెమెరా కన్నుకు ఆనించి. "ఆ ముసలామె ఒక్కతే మంచిగ నవ్వుతున్నది. అమ్మా, నువ్వేంది గట్ల? ఏమైంది?"

కృష్ణమ్మ దొరసాని లేచి నిలబడింది. సారమ్మ చేతిలోంచి తన చెయ్యి తీసుకోలేదు.

"భాస్కర్, నీ పానం ఈమె పెట్టిన భిక్ష. ఆ ముచ్చట తర్వాత చెప్త. ముందుగాల నాకో జవాబు చెప్పు బిడ్డా. ఒక మనిషి కోసం, నీకు నచ్చని మనిషి కోసం, మీ నాయినకు ఒక అబద్ధం చెప్తవా?"

భాస్కర్ ముఖం మీది నవ్వు అట్లాగే నిలిచిపోయింది. కెమెరా మెల్లగా కిందికి దించాడు.